ఎదురుకాళ్ళ బిడ్డ: గర్భస్థ శిశువు స్థితిని గుర్తించే విద్య, ఖుర్తుబా నుండి కోకాపేట వరకు

ఎదురుకాళ్ళతో పుట్టినవారు నడుము తొక్కితే నడుము పట్టు వదులుతుందని తెలుగు పల్లెల్లో తరతరాలుగా ఒక నమ్మిక ఉన్నది. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో అటువంటి బిడ్డను 'పాయల్' అంటారు. అక్కడా ఇదే నమ్మిక, ఇదే వైద్యం. రెండు భాషలవారూ, రెండు మతాలవారూ ఒకే విశ్వాసాన్ని పంచుకున్న అనేక సందర్భాలలో ఇది ఒకటి. ఈ నమ్మికకు ఆధారమేదీ లేదు. కాని అది ఎందుకు పుట్టిందో ఊహించడం కష్టం కాదు. కాళ్ళు ముందు, తల వెనుకగా వచ్చిన బిడ్డ బ్రతికి బయటపడటమే ఒకనాడు విశేషం. అలా బ్రతికినవారి పాదాలలో ఏదో మహిమ ఉండి తీరాలని జనం అనుకున్నారు. బ్రతకనివారి గురించి సామెతలు పుట్టలేదు.

ఈ వ్యాసంలో పరిశీలించదలచినది ఆ మహిమను కాదు. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నదని పురిటి నొప్పులు రాకముందే, ఎనిమిది తొమ్మిది నెలలలోనే, తెలుసుకునే విద్య మానవజాతికి ఎప్పుడు, ఎలా పట్టుబడింది? దానిలో ఇస్లామీయ నాగరికత పాత్ర ఏమిటి? మన హైదరాబాదు పరిసరాలకు అది ఏ మార్గాన చేరింది? చేరిన తరువాత ఏమయింది? ఈ ప్రశ్నలను చరిత్రకారులు ఎక్కువగా పట్టించుకోలేదు. రాజుల జననాలను తేదీలతో సహా వ్రాసిన తవారీఖులలో, వారిని తల్లి కడుపు నుండి బయటికి తీసిన చేతుల ప్రస్తావన అరుదు.

ముందుగా విషయం కొంత స్పష్టం చేసుకోవాలి. గర్భం 28 వారాలప్పుడు చూస్తే దాదాపు నాలుగైదుగురిలో ఒక బిడ్డ తల పైకి, పిర్రలు క్రిందికి పెట్టుకుని ఉంటుంది. చోటు ఉన్నంతకాలం బిడ్డ తిరుగుతూనే ఉంటుంది గనుక అందులో ఆందోళన పడవలసినది లేదు. నెలలు నిండే సరికి చాలామంది తలక్రిందులై సర్దుకుంటారు. నూటికి ముగ్గురు నలుగురు మాత్రం అలాగే ఉండిపోతారు. వీరిలో ఎక్కువమంది కాళ్ళను నిటారుగా ముఖం దాకా చాచి, పిర్రలతోనే దారిని మూసి కూర్చుంటారు. కొందరు మఠం వేసుకున్నట్లు కాళ్ళు ముడుచుకుంటారు. కొందరిలో ఒక పాదమో రెండు పాదాలో అందరికంటె ముందుంటాయి. మన జనం వీటన్నిటినీ కలిపి ఎదురుకాళ్ళు అంటారు గాని, నిజానికి కాళ్ళు ముందుగా కనిపించేది ఈ చివరి రకంలోనే. అన్నిటిలోకి అపాయం ఎక్కువైనదీ అదే. పాదాలు దారిని పూర్తిగా మూయలేవు. ఉమ్మనీరు పోగానే ఆ సందు నుండి బొడ్డుతాడు జారిపడవచ్చు.

ప్రాచీనులకు ఈ సంగతి తెలియనిది కాదు. క్రీస్తు శకం రెండవ శతాబ్దంలో ఎఫెసస్‌కు చెందిన సొరానస్ మంత్రసానుల కోసం వ్రాసిన గ్రంథంలో వంకర కాన్పుల ప్రస్తావన ఉన్నది. మన దేశంలో సుశ్రుత సంహిత మూఢగర్భం పేరిట బిడ్డ అడ్డుపడే విధాలను వర్గీకరించింది. పిర్రలతో వచ్చే బిడ్డను పైకి నెట్టి పాదాలను క్రిందికి తెచ్చి తీయాలని చెప్పింది. ఈ సుశ్రుతుడే తరువాత బాగ్దాదు చేరాడు. అబ్బాసీ ఖలీఫాల కాలంలో బర్మకీ వంశీయుడైన యహ్యా బిన్ ఖాలిద్ ఆదేశంపై మంకా అనే భారతీయ వైద్యుడు ఆ గ్రంథాన్ని అరబ్బీలోకి తెచ్చాడని ఇబ్నె నదీమ్ తన ఫిహ్‌రిస్త్‌లో నమోదు చేశాడు. గ్రీకు, భారతీయ వైద్యాలు రెండూ ఒకే నగరంలో, ఒకే భాషలో కలుసుకున్న ఘట్టమది. అలీ బిన్ రబ్బన్ తబరీ క్రీ.శ. 850లో పూర్తిచేసిన ఫిర్దౌసుల్ హిక్మలో భారతీయ వైద్యానికి ఒక ప్రత్యేక భాగమే కేటాయించాడు. అబూ బక్ర్ రాజీ తన బృహద్గ్రంథం అల్ హావీలో గ్రీకు వైద్యులతో పాటు సుశ్రుతుని కూడా ఉటంకించాడు. ఆ అల్ హావీ అరబ్బీ మూలం 1955 నుండి సంపుటాలుగా మన హైదరాబాదులోనే, దాయిరతుల్ మఆరిఫ్ ద్వారా ముద్రణ పొందింది. బాగ్దాదుకు వెళ్ళిన సుశ్రుతుడు వెయ్యేళ్ళకు పైబడిన తరువాత అరబ్బీ దుస్తులలో దక్కనుకు తిరిగివచ్చాడన్నమాట.

ఈ విద్యలో అందరికంటె వివరంగా వ్రాసినవాడు అందలూసియాకు చెందిన అబుల్ ఖాసిం జహ్రావీ (మరణం సుమారు క్రీ.శ. 1013). ఖుర్తుబా చెంత మదీనతుజ్జహ్రా ఆయన ఊరు. ఆయనకు ముందే, అదే ఖుర్తుబాలో, అరీబ్ బిన్ సఅద్ గర్భస్థ శిశువు, గర్భిణీ సంరక్షణ, శిశుపోషణల గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథం వ్రాసి ఉన్నాడు. కాని శస్త్రవిద్య జహ్రావీది. ముప్పది భాగాల అత్తస్రీఫ్‌లో చివరి భాగం శస్త్రచికిత్సకు సంబంధించినది. అందులో, బిడ్డ సహజమైన తీరున రానప్పుడు మంత్రసానులు ఏమి చేయాలో నేర్పడానికి ఆయన ఒక అధ్యాయమే కేటాయించాడు. తల ముందు రావడమే సహజమైన తీరు. పాదాలు ముందు వస్తే, చెయ్యి ముందు వస్తే, మోకాళ్ళ మీద వస్తే, అడ్డంగా వస్తే ఏ పట్టు పట్టాలి, ఎప్పుడు పైకి నెట్టాలి, ఎంత మెల్లగా తిప్పాలి, ఏ నూనె వాడాలి, తల్లిని ఎలా పడుకోబెట్టాలి అన్నవన్నీ ఒక్కొక్కటిగా వస్తాయి. తరువాతి అధ్యాయాలలో మరణించిన పిండాన్ని తీసే విధానం, అందుకు కావలసిన పరికరాల బొమ్మలు ఉన్నాయి.

ఆయన స్వయంగా చూసిన ఒక ఉదంతం కూడా అక్కడే కలదు. ఒక స్త్రీ కడుపులో పిండం మరణించింది. అది బయటికి రాకముందే ఆమె మళ్ళీ గర్భం ధరించింది. ఆ రెండవ పిండమూ మరణించింది. చాలా కాలానికి ఆమె బొడ్డు దగ్గర వాపు లేచి, పగిలి, చీము కారసాగింది. జహ్రావీ చికిత్స మొదలుపెట్టాడు. పుండు నుండి ఒక ఎముక వచ్చింది, కొన్నాళ్ళకు మరొకటి. కడుపులో ఎముకలుండటమేమిటని ఆశ్చర్యపడి పరిశీలించగా అవి మృత పిండం ఎముకలని తేలింది. చాలా ఎముకలు తీసిన తరువాత ఆ స్త్రీ బ్రతికింది, పుండు నుండి కొద్దికొద్దిగా చీము కారడం మాత్రం ఆగలేదు. తన ఆశ్చర్యాన్ని దాచుకోకుండా, చూసినది చూసినట్లు వ్రాసిన ఈ పద్ధతి ఆ గ్రంథానికి విలువ తెచ్చింది. పన్నెండవ శతాబ్దంలో గెరార్డ్ దానిని లాటిన్‌లోకి తెచ్చాడు. తరువాత శతాబ్దాల పాటు యూరప్ శస్త్రవైద్యులకు అది పాఠ్యగ్రంథమయింది.

ఇబ్నె సీనా అల్ ఖానూన్‌లో కష్టప్రసవానికి కారణాలు తల్లిలో ఉన్నవి, బిడ్డలో ఉన్నవి, గర్భాశయంలో ఉన్నవి అని విడదీసి చూపాడు. తలతో రావడం సహజమనీ, మిగిలిన వాటిలో దానికి దగ్గరది చేతులు తొడల వెంట చాచుకుని కాళ్ళతో రావడమనీ ఆయన అభిప్రాయం. గ్రీకుల నుండి వచ్చిన ఈ మాటలో చేతుల ప్రస్తావనను పాఠకులు గుర్తుంచుకోవాలి. దాని అవసరం చివరలో పడుతుంది.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. ఈ మహావైద్యులలో ఎవరూ సాధారణంగా పురిటింటిలోకి వెళ్ళినవారు కారు. వారి గ్రంథాలలో ఆజ్ఞ ఎప్పుడూ ఒకటే: మంత్రసానిని ఇలా చేయమనాలి, మంత్రసాని ఇలా పట్టుకోవాలి. చేయి ఆమెది, కలం వీరిది. ఆ చేతికి తెలిసినదంతా కలానికి ఎక్కి ఉంటుందని నేను అనుకోను.

ఆ చేతికి ఇస్లామీయ సమాజం ఇచ్చిన స్థానం మాత్రం చిన్నది కాదు. మహాప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం జన్మించినప్పుడు పురుడు పోసినది అబూ రాఫె భార్య సల్మా అని సీరత్ గ్రంథాలు ఆమె పేరు చెప్పి మరీ వ్రాశాయి. ధర్మశాస్త్రంలో పురుషులు చూడరాని విషయాలకు స్త్రీల సాక్ష్యం మాత్రమే సరిపోతుంది. ప్రసవం జరిగిందా లేదా అన్న విషయంలో హనఫీలు సాధారణంగా విశ్వసనీయురాలైన ఒక్క స్త్రీ మాట చాలన్నారు. మాలికీలు ఇద్దరిని, షాఫయీలు నలుగురిని కోరారు. వంశం, వారసత్వం వంటి పెద్ద వ్యవహారాలు ఒక మంత్రసాని మాట మీద నిలబడిన న్యాయవ్యవస్థ అది. ప్రాణాపాయం ఏర్పడి స్త్రీ వైద్యురాలు దొరకనప్పుడు పురుష వైద్యుడు చూడవచ్చునని, అవసరం నిషేధాన్ని సడలిస్తుందని ఫుఖహాలు స్పష్టం చేశారు. ఈ రెండవ నియమాన్ని మన ఇళ్ళలో అందరూ జ్ఞాపకం ఉంచుకోలేదు. దాని మూల్యం చెల్లించినది స్త్రీలే.

ఇబ్నె ఖల్దూన్ 1377లో రచించిన ముఖద్దిమాలో వృత్తుల వరుసలో మంత్రసాని పనికి ప్రత్యేక అధ్యాయం ఉన్నది. నేతకు, వడ్రంగానికి, వైద్యానికి ఇచ్చినట్లే దీనికీ స్థానమిచ్చాడు. పాలు మానేంత వరకు బిడ్డకు వచ్చే రుగ్మతల విషయంలో ఆరితేరిన వైద్యునికంటె మంత్రసానికే ఎక్కువ తెలుసునని ఆయన నిర్ణయం. ఖాజీగా, మంత్రిగా పనిచేసిన ఒక మహాపండితుడు ఈ మాట అనడం గమనించదగినది.

అయితే ఇంతవరకు చెప్పిన విద్య అంతా గుమ్మం దగ్గర గుర్తించే విద్య. నొప్పులు వచ్చి, ద్వారం తెరుచుకుని, వేలికి మెత్తని పిర్రో చిన్న మడమో తగిలినప్పుడు తెలుసుకునేది. కడుపు మీద చేయి పెట్టి నెల ముందుగా చెప్పే శాస్త్రం గ్రంథాలలో లేదు. పైగా బిడ్డ ఏడో నెల వరకు తల పైకి పెట్టుకుని కూర్చుని, ఆ తరువాత ఒక్కసారిగా పల్టీ కొడుతుందని హిపోక్రటీసు కాలం నుండి ఒక భావన చలామణి అయింది. పదిహేడవ శతాబ్దంలో పారిస్‌లో ప్రసూతి వైద్యానికి గురువుగా పేరొందిన మోరిసో కూడా దానిని నమ్మాడు. పల్టీ ఒకనాటి వ్యవహారం కాదని, వారాల తరబడి మెల్లగా సాగే సర్దుబాటు అని తరువాత తెలిసింది.

పందొమ్మిదవ శతాబ్దంలో ఈ విద్య గుమ్మం దాటి ముందుకు వచ్చింది. 1807లో హాంబుర్గ్ వైద్యుడు వీగాండ్ పొట్టపై నుండే బిడ్డను తిప్పే విధానాన్ని వివరించాడు. 1818లో జెనీవాలో మేయర్, 1821లో ఫ్రాన్సులో కెర్గరాదెక్ తల్లి పొట్టపై నుండి బిడ్డ గుండె చప్పుడు విన్నారు. 1878లో పారిస్‌లో పినార్ పొట్టను తడిమి పరీక్షించడంపై పూర్తి గ్రంథమే వ్రాశాడు. ఆయన పేరు పెట్టుకున్న చిన్న గరాటు వంటి గొట్టం నేటికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో కనిపిస్తుంది. 1894లో జర్మనీకి చెందిన లియోపోల్డ్ ఈ తడిమే పద్ధతిని నాలుగు పట్టులుగా క్రమబద్ధం చేశాడు. ఈనాటికీ నర్సింగు విద్యార్థిని మొదట నేర్చుకునేది ఆ నాలుగు పట్టులే.

ఆ పట్టులను కొంత వివరంగా చెప్పడం అవసరం. గర్భిణి మూత్రవిసర్జన చేసి, మోకాళ్ళు కొద్దిగా మడిచి వెల్లకిలా పడుకుంటుంది. పరీక్షించేవారు చేతులు వెచ్చగా ఉంచుకోవాలి. చల్లని చేతికి పొట్ట బిగుసుకుంటుంది. మొదటి పట్టులో రెండు అరచేతులతో గర్భసంచి పై అంచును, అంటే రొమ్ము ఎముక దిగువ భాగాన్ని తడుముతారు. బిడ్డ సవ్యంగా ఉంటే అక్కడ మెత్తగా, వెడల్పుగా, అంచు తెలియని ముద్ద తగలాలి. అది పిర్ర. దానిని కదిపితే బిడ్డ మొండెమంతా దానితో కదులుతుంది. అలా కాక గట్టిగా, గుండ్రంగా, కొబ్బరికాయ వంటిది తగిలి, రెండు చేతుల మధ్య విడిగా అటూ ఇటూ ఊగితే అది తల. మెడ మీద ఆడుతుంది గనుకనే ఆ ఊపు. రెండవ పట్టు పక్కలకు: ఒకవైపు నునుపైన వీపు, మరొకవైపు ముడులుముడులుగా కాళ్ళు చేతులు. మూడవ, నాలుగవ పట్టులు పొత్తికడుపుకు: కటి ద్వారం వద్ద ఉన్నది గట్టిదా మెత్తదా, దిగిందా దిగలేదా. ఆ పైన గుండె చప్పుడు. తలక్రిందులుగా ఉన్న బిడ్డ గుండె తల్లి బొడ్డుకు దిగువన బాగా వినిపిస్తుంది. ఎదురుకాళ్ళ బిడ్డది బొడ్డు వద్ద గాని, దానికి పైన గాని వినిపిస్తుంది.

తల్లికి స్వయంగా తెలిసే గుర్తులు కూడా ఉన్నాయి. ఇళ్ళలో పెద్దలు వీటిని తేలికగా కొట్టివేస్తుంటారు గనుక ప్రత్యేకంగా వ్రాస్తున్నాను. ఎనిమిది, తొమ్మిది నెలలలో ప్రక్కటెముకల క్రింద ఏదో గట్టి గుండు నొక్కుతున్నట్లు ఉండటం, వంగినప్పుడు, కూర్చున్నప్పుడు అక్కడే నొప్పి రావడం, ఊపిరి ఆడనట్లు అనిపించడం ఒక గుర్తు. తన్నులు పైన కాక క్రింద, మూత్రాశయం మీద, పడుతుండటం మరొకటి. ఒక్కొక్కప్పుడు ఈ రెండవ గుర్తు మోసం చేస్తుంది. కాళ్ళను ముఖం దాకా చాచుకున్న బిడ్డ తన్నులు క్రింద తెలియవు, పైన తల పక్కనే తెలుస్తాయి. ఆ చాచిన కాళ్ళు తలకు బద్దల వలె అడ్డుండి తల ఊగకుండా చేస్తాయి గనుక, అనుభవం గల చెయ్యి కూడా పొరబడుతుంది. స్థూలకాయం, ముందు గోడకు అంటుకున్న మాయ, నిండిన మూత్రాశయం ఇటువంటి ఇతర అడ్డంకులు. ఆస్ట్రేలియాలో జరిగి 2006లో వెలువడిన ఒక పరిశీలనలో చేతి పరీక్ష మాత్రమే చేసినప్పుడు తలక్రిందులుగా లేని బిడ్డలలో పదింట మూడు దొరకలేదు. కాబట్టి చేతి పరీక్ష అనుమానాన్ని కలిగించాలి, స్కానింగు దానిని తేల్చాలి. ఆ స్కానింగు కూడా పాత సంగతేమీ కాదు. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం ధ్వని తరంగాలతో పొట్టలోని దృశ్యాలను ప్రచురించినది 1958లో.

ఇక మన నగరానికి వద్దాము. హైదరాబాదు మెడికల్ స్కూలు 1846లో నాసిరుద్దౌలా కాలంలో, రెసిడెన్సీ వైద్యుడు మెక్లీన్ నిర్వహణలో ప్రారంభమయింది. బోధన ఉర్దూలో జరిగింది. దేశభాషలో పాశ్చాత్య వైద్యం చెప్పిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. ఆ మరుసటి సంవత్సరమే, 1847 జనవరిలో, ఎడిన్‌బరోలో సింప్సన్ మొదటిసారిగా ఒక ప్రసవంలో ఈథర్ మత్తు ఇచ్చాడు. అది కటి ఇరుకైన తల్లి. ఆయన మత్తులో చేసినది బిడ్డను తిప్పి కాళ్ళు పట్టి తీయడం. అదే సంవత్సరం నవంబరులో ఆయన క్లోరోఫాం ప్రవేశపెట్టాడు. ఆ క్లోరోఫాం నిరపాయమా కాదా అని ప్రపంచానికి తేల్చిచెప్పడానికి 1888లో, తిరిగి 1889లో, పరిశోధక సంఘాలు కూర్చున్నది మన హైదరాబాదులోనే, మెడికల్ స్కూలు అధిపతి ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో. ఆయన కాలంలోనే ఆ పాఠశాలలో స్త్రీలకు ప్రవేశం లభించింది. అలా చదివిన వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళలలో ఒకరుగా పేరు పొందారు. పర్దా పాటించే నగరానికి ఈ స్త్రీ వైద్యులు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

1885లో డఫరిన్ నిధి, 1903లో దాయీల శిక్షణ కోసం లేడీ కర్జన్ నెలకొల్పిన విక్టోరియా స్మారక నిధి బ్రిటిషు ఇండియాలో పనిచేశాయి. ఆ కాలపు దొరల నివేదికలలో దాయీని మురికికి, మూఢత్వానికి మారుపేరుగా వర్ణించడం పరిపాటి. చేతులు కడుక్కోకపోవడం వల్ల జరిగిన అనర్థాలు నిజమే. కాని ఆ చేతులకు తెలిసిన దానిని అడిగి వ్రాసుకున్నవారు లేరు. నెలల తరబడి నూనె రాస్తూ పొట్టను తడిమిన మంత్రసానికి తల ఎక్కడున్నదో తెలియదని ఎలా అనగలం? తెలుగులో మంత్రసానితనానికి ఒప్పుకున్న తరువాత ఏది వచ్చినా పట్టవలసిందేనని ఒక మోటు సామెత ఉన్నది. ఎదురుకాళ్ళ కాన్పులో బిడ్డ పొట్ట నొక్కుకుని బిడ్డకంటె ముందు నల్లని మలం రావడం మామూలే. సామెత పుట్టించినవారు అనుభవం లేనివారు కారు.

నగరంలో స్త్రీలకు ప్రత్యేకంగా విక్టోరియా జనానా ఆసుపత్రికి 1906లో వేల్స్ రాకుమారి శంకుస్థాపన చేసింది. మూసీ ఒడ్డున, తరువాత హైకోర్టు వెలసిన చోటు పక్కనే కట్టిన ఆ ఆసుపత్రిని జనం జచ్చాఖానా అన్నారు. మూడేళ్ళు తిరగకుండానే, 1908 సెప్టెంబరు 28న, మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ వరద ఫలితంగానే నగరానికి పడమట మూసీకి అడ్డుకట్ట కట్టి 1920లో ఉస్మాన్‌సాగర్‌ను నింపారు. గండిపేట చెరువు అని అందరూ పిలిచేది దానినే.

ఆ చెరువు చెంత ఉన్న ఊరే కోకాపేట. జచ్చాఖానాకు పదిహేను కిలోమీటర్లకు పైనే. నగరం చుట్టూ ఉన్న అత్రాఫె బల్దా గ్రామాలవారికి ఆనాడు ఆ దూరం ఎడ్లబండి దూరం. గుట్టలు, బండరాళ్ళు, వానాకాలంలో వాగులు. ఎదురుకాళ్ళ బిడ్డ ఉన్నదని గుమ్మం దగ్గర తెలిస్తే బండి కట్టే సమయం ఉండదు. ముందే గుర్తించడం అనేది వైద్యశాస్త్రపు సొగసు కాదు, దూరానికి జవాబు. నెల ముందు తెలిస్తే ఆమెను నగరంలో బంధువుల ఇంటికి తరలించవచ్చు. నొప్పులలో తెలిస్తే మిగిలేది దువా మాత్రమే. దూరం ఒక్కటే శత్రువు కాదని మరొక ఉదంతం చెప్తుంది. అసఫ్‌జాహీ రాజవంశపు కోడలు నీలోఫర్ బేగం సేవకురాలు ప్రసవంలో మరణించింది. ఆమె ఉన్నది పల్లెలో కాదు, రాజభవనం నీడలో. ఆ దుఃఖంతో నీలోఫర్ పట్టుబట్టగా వెలసిన స్త్రీ, శిశు ఆసుపత్రి 1953 నుండి రెడ్‌హిల్స్‌లో ఆమె పేరుతో నడుస్తున్నది.

నేటి కోకాపేటకు దూరం సమస్య లేదు. బాహ్యవలయ రహదారి ఊరిని ఆనుకుని పోతుంది. 2023 ఆగస్టులో అక్కడి ప్రభుత్వ భూమి వేలంలో ఎకరం నూరు కోట్ల రూపాయలు దాటింది. అంతస్తుల మీద అంతస్తులు లేస్తున్నాయి. వాటిని కట్టేవారు బీహారు, ఒడిషా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుండి, మన పాలమూరు నుండి వచ్చినవారు. రేకుల గుడిసెలలో నివసించే ఆ స్త్రీలలో గర్భిణులూ ఉంటారు. ఒకచోట నాలుగో నెల, మరొకచోట ఎనిమిదో నెల గడుస్తుంది. చేతిలో పరీక్షల కార్డు ఉండదు, ఉన్నా అది వేరే రాష్ట్రానిది. వారిలో మన మతస్థులూ తక్కువేమీ కాదు. నూరు కోట్ల ఎకరంలో ఇటుకలు మోసే స్త్రీకి, నూరేళ్ళ క్రితం అదే ఊరిలో నాట్లు వేసిన స్త్రీకి ఈ ఒక్క విషయంలో తేడా తక్కువ. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులను ఉచితంగా వైద్యులచేత పరీక్షించే ఏర్పాటు 2016 నుండి ఉన్నది. ఆ సంగతి గుడిసెలకు చేరవేయడం మసీదు కమిటీలకు పెద్ద పని కాదు. స్కానింగు అంటే ఆడా మగా చెప్పించుకోవడమని భయపడేవారూ, ఆశపడేవారూ ఇద్దరూ ఉన్నారు. లింగం చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. బిడ్డ తల ఎటున్నదో అడగటం హక్కు.

మరి గుర్తించిన తరువాత? ఇక్కడ గత పాతికేళ్ళలో ఒక విచిత్రం జరిగింది. 2000లో మేరీ హన్నా నాయకత్వంలో 26 దేశాల 121 ఆసుపత్రులలో 2,088 మంది స్త్రీలపై జరిగిన పరిశీలన వెలువడింది. నెలలు నిండిన ఎదురుకాళ్ళ బిడ్డను ముందే నిర్ణయించి సిజేరియన్ చేస్తే మరణం లేదా తీవ్ర హాని 1.6 శాతం, సహజ ప్రసవానికి వదిలితే 5 శాతం అని తేలింది. ప్రపంచమంతటా వైద్యులు ఏడాది తిరగకముందే పద్ధతి మార్చుకున్నారు. 2004లో అదే బృందం రెండేళ్ళ వయసు పిల్లలను చూసి, రెండు వర్గాల మధ్య మరణంలో గాని మెదడు ఎదుగుదలలో గాని చెప్పుకోదగిన తేడా లేదని ప్రకటించింది. ఈ రెండవ వార్తకు మొదటి దానంత వేగం లేకపోయింది. అప్పటికే కొత్త తరం వైద్యులు ఎదురుకాళ్ళ కాన్పును కంటితో చూడకుండానే పట్టాలు పుచ్చుకుంటున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో ప్రసవాలలో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 శాతం. నూటికి నలుగురు ఎదురుకాళ్ళ బిడ్డలు ఈ అంకెకు కారణం కాలేరని లెక్క తెలిసిన ఎవరికైనా బోధపడుతుంది.

వీగాండ్ చెప్పిన మధ్యేమార్గం ఇంకా ఉన్నది. 36, 37 వారాలలో, ఆసుపత్రిలో, స్కానింగు చూస్తూ, గుండె చప్పుడు వింటూ పొట్టపై నుండి బిడ్డను తిప్పవచ్చు. దాదాపు సగం మందిలో ఫలిస్తుంది. వెంటనే ఆపరేషను అవసరమయ్యేది రెండువందల మందిలో ఒకరికి. మాయ క్రిందికి ఉన్నవారికి, రక్తస్రావం అయినవారికి, కవలలకు ఇది పనికిరాదు. ఇంటిలో ఎవరో పొట్ట పిసికి తిప్పడం దీనితో పోల్చదగినది కాదు, మాయ ఊడి ప్రాణం మీదికి వస్తుంది. ఈ అవకాశం ఉన్నదని కూడా చెప్పకుండా ఆపరేషను తేదీ వ్రాసి ఇచ్చే చోట అడిగి తెలుసుకోవడం కుటుంబం పని. అందుకైనా బిడ్డ ఎలా ఉన్నదో 36వ వారానికి తెలిసి ఉండాలి.

2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి సహకారంతో నర్సులను మంత్రసానులుగా తీర్చిదిద్దే పద్దెనిమిది నెలల శిక్షణను కరీంనగర్‌లో ప్రారంభించింది. ఖాబిలా అన్న పాత వృత్తికి కొత్త పట్టా అనుకోవచ్చు.

ఇన్ని ఏర్పాట్లు ఉన్నా కొందరిలో నొప్పులు ముందే వస్తాయి. ఉమ్మనీరు పోయి, బిడ్డ ఎదురుకాళ్ళని తెలిసినా, పాదమో తాడో కనిపించినా, తల్లిని నడిపించకుండా, నడుము క్రింద దిండ్లు పెట్టి ఎడమ ప్రక్కకు పడుకోబెట్టి 108కు ఫోను చేయాలి. వాహనం రాకముందే బిడ్డ జారిపోతుంటే కాళ్ళు పట్టి లాగరాదు. లాగితే బిడ్డ చేతులు పైకి లేచి తలకు ఇరువైపులా ఇరుక్కుంటాయి, గడ్డం పైకి లేచి తల చిక్కుకుంటుంది. చేతులు తొడల వెంట ఉండాలని ఇబ్నె సీనా వ్రాసిన కారణం ఇదే. నొప్పులతో బిడ్డ తన బరువున తానే దిగుతుంది. శుభ్రమైన పొడి గుడ్డతో నడుము దగ్గర ఆసరా ఇచ్చి, బిడ్డ వీపు పైవైపుకు ఉండేలా చూస్తే చాలు.